పట్టాలు పీకిన ఊళ్లో

ఒరేయ్ అబ్బాయిలూ, చెవుల్లో ఏవో దూర్చుకుని రోజూ ఐరన్ హార్స్ ట్రెయిల్ మీద పరిగెడతారే, ఆ పేరెలా వచ్చిందో ఒక్కడైనా అడిగాడా? గుర్రం కాదురా, రైలు! 1891లో సదరన్ పసిఫిక్ వాళ్లు వేసిన లైను. ఈ శాన్ రామన్ లోయలో పండిన గోధుమలు, ఎండుగడ్డి, పియర్లు, వాల్‌నట్లు దాని మీదే ఊళ్లకు పోయేవి. 1978లో మూసేశారు. పట్టాలు పీకి నడకదారి చేశారు. ఇప్పుడు జనం దాని మీద ఎక్కడికీ వెళ్లకుండానే చెమటలు కక్కుతున్నారు.

రైలంటే గుర్తొచ్చింది, అక్కడ ఇండియాలో మా ఊరు దుగ్గిరాలలో రైలు దిగితే కళ్లు మూసుకున్నా ఊరేదో ముక్కే చెప్పేది. పసుపు యార్డులో వ్యాపారి కొమ్ము తీసి ఫట్‌మని విరిచి, లోపలి రంగు వెలుతురుకు పెట్టి చూసి, అప్పుడు నోరు విప్పేవాడు. రైతు ఊపిరి బిగబట్టేవాడు. ఇప్పుడు అక్కడా వేలం కంప్యూటర్లోనేనట. కంప్యూటర్ కొమ్ము విరుస్తుందా? సరే, ఎక్కడున్నాం?

ఆ, శాన్ రామన్. ఒకప్పుడు ఐరిష్ వాళ్లు ఎక్కువని దీన్ని లిమరిక్ అనేవారు. ఆ లెక్కన ఇప్పుడు రామయ్యపాలెం అనాలి. రైలు లైను మూసిన ఏడే బిషప్ రాంచ్‌లో 585 ఎకరాలు ఆఫీసుల కోసం అమ్ముడైపోయాయి. 1983కి ఊరు నగరమై కూర్చుంది. 2018లో రెంజో పియానో అంతటివాడు గీసిన సిటీ సెంటర్ వచ్చింది. పారిస్‌లో పాంపిడూ సెంటర్ గీసిన జంటలో ఒకడు, ఇక్కడ మనకు సినిమా హాలూ షాపులూ గీసిపెట్టాడు! పాతది చూడాలంటే ఫారెస్ట్ హోమ్ ఫార్మ్స్‌కు పోవాలి. 1997లో రూత్ బూన్ అనే మహాతల్లి 16 ఎకరాలు ఊరికి రాసిచ్చింది కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది. అక్కడి ట్రాక్టర్ల ముందు నేను అరగంట నిలబడితే మా మనవడు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇదంతా చెబితే మీ అమ్మమ్మ ఒకటే మాట అంది: "తోటలే ఉండుంటే మీకు ఇక్కడ ఉద్యోగం ఎవడిచ్చేవాడు, వాల్‌నట్లు ఏరేవారా?" ఆవిడతో ఇదే చిక్కు, సరిగ్గా చోటు చూసి పొడుస్తుంది.

అయినా సరే. శనివారం సంతకు వెళ్లి చూడండి. వాల్‌నట్లు పండిన నేల మీదే, ఎక్కడి నుంచో ట్రక్కులో తెచ్చిన వాల్‌నట్లు కొంటున్నారు. అవీ ఒలిచి సంచుల్లో కట్టినవి. పెంకు పగలగొట్టే ఓపిక కూడా లేదర్రా మీకు! నేనూ ఒలిచినవే కొంటాననుకోండి, నావి కట్టుడు పళ్లు.