డేటా దొరల గడీ

కరీంనగర్‌లో ఇంటి కంప్యూటర్‌కు రెండు టీబీల ఎస్‌ఎస్‌డి కొనాలంటే ముందుగా కావాల్సింది పైసలు కాదు, గుండె నిబ్బరం. 'రేటెంత అన్నా?' అంటే, 'ఇప్పుడే తీస్కపోతరా, రేపొస్తరా?' అని దుకాణంలో ఎదురు ప్రశ్న. కృత్రిమ మేధకు ఆకలైన కాలంలో బిడ్డ పెండ్లి వీడియో దాచుకోవాలనుకోవడం దేశద్రోహం కాకపోవచ్చు గానీ, అభివృద్ధికి అడ్డం పడటమే!

2023లో మెమరీ చిప్పులు గోదాముల్లో మూలుగుతుంటే ధరలు పడిపోయాయి. శాంసంగ్ వంటి కంపెనీలు ఉత్పత్తి తగ్గించుకున్నాయి. అప్పుడు మనమే దేవుళ్లం. తర్వాత కృత్రిమ మేధను నడిపే డేటా సెంటర్ల గిరాకీ వచ్చింది. 2025 డిసెంబర్ 3న చిప్పుల కంపెనీ మైక్రాన్, మామూలు జనానికి మెమరీ, ఎస్‌ఎస్‌డిలు అమ్మే తన 29 ఏళ్ల 'క్రూషియల్' వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పెద్ద ఖాతాదారులొచ్చారు, చిల్లర బేరాలు గడప దిగండి అని అర్థం.

ఇదే మైక్రాన్‌కు గుజరాత్‌లోని సనంద్‌లో 275 కోట్ల డాలర్ల ప్లాంటు ఒప్పుకున్నాం. 2023 జూన్‌లో ప్రకటించిన లెక్క ప్రకారం అందులో 50 శాతం కేంద్రానిది, 20 శాతం గుజరాత్ ప్రభుత్వానిది. అంటే రూపాయిలో 70 పైసలు జనం సొమ్ము. ఆ జనానికి డిస్కు అమ్మడం మాత్రం గిట్టుబాటు కాదట! ఎవరో ఒకరి దగ్గర కొన్నా, దాని మీద 18 శాతం జీఎస్టీ కట్టి మరీ దేశం రుణం తీర్చుకోవాలి.

బొగ్గు సింగరేణిది. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లది. ఆ కరెంటు ఎవరింటికి పోతుందో తీగ మీద రాసి ఉండదు గానీ, హైదరాబాద్ శివార్లలో అమెజాన్ డేటా సెంటర్లు దీపం బుడ్లతో నడవడం లేదు. బూడిద మనకు, మేధ వాళ్లకు.

కొలతల్లోనూ ఇదే తీరు. ఆదిలాబాద్ యార్డులో పత్తికి తేమ 8 శాతం దాటితే కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) ధర కోస్తుంది, 12 దాటితే బండి వెనక్కే. ఒక టీబీ డిస్కు ఇంటికి తెస్తే తెర మీద 931 జీబీలే కనిపిస్తాయి. కంపెనీ వెయ్యితో లెక్కపెట్టిందట, విండోస్ 1024తో లెక్కపెట్టిందట, రెండూ ఒప్పేనట. రైతుకు మాత్రం ఒకటే లెక్క, అదీ యార్డుదే.

ఇంత కరువులోనూ ఆన్‌లైన్‌లో దాతలున్నారు. రెండు వేలకే 16 టీబీలిస్తారు! విప్పి చూస్తే లోపల చిన్న మెమరీ కార్డు. అది నిండాక కొత్త ఫొటో ఎక్కినకొద్దీ పాతది చెరిగిపోతుంది. కొంటే బిల్లుతో కొనండి, వాపసు గడువులోగా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత పరీక్షతో నింపి చూడండి. కంప్యూటర్ నడవడానికి చిన్న ఎస్‌ఎస్‌డి, పెండ్లి వీడియోలకు మామూలు హార్డ్ డిస్కు చాలు.

ఇక ఢిల్లీ పెద్దలకు ఒక్క మాట. ప్రజల సొమ్ముతో లేచే ప్రతి చిప్పుల ప్లాంటూ సరుకులో కొంత వాటా దేశంలోని ఇంటి కంప్యూటర్లకు అమ్మాలని షరతు పెట్టండి. పత్తిలో తేమను శాతాల్లో కొలిచే సర్కారుకు, తానిచ్చిన 70 పైసల ఫలితం కొలవడం రాదంటే నమ్మేవాడు ఈ జిల్లాల్లో లేడు.