జానెడా, మూరెడా

టెలిస్కోపు కొన్నవాణ్ణి లోకం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంత దూరం కనపడతాది సామీ?" ఇరవై అయిదు లక్షల కాంతి సంవత్సరాల అవతల ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ దాకా అంటే, అడిగినాయన సగం నమ్మి సగం జాలిపడి వెళ్లిపోతాడు. ఆ టెలిస్కోపు దేనిమీద నిలబడుతుందని మాత్రం ఇంతవరకూ ఏ మానవుడూ అడగలేదు. అడగరని తెలిసే ఇది రాస్తున్నాను.

నాది నాలుగంగుళాల కటకం ఉన్న రిఫ్రాక్టర్. తెల్లటి గొట్టం, అయిదు కిలోలకు కాస్త తక్కువ. దాన్ని భుజాన వేసుకుని అలిపిరి చెక్‌పోస్టు వైపు నడిస్తే ఏమవుతుందో ఊహించుకుని, తిరుమల కొండమీదికి తీసుకుపోయే ఆలోచన ఆదిలోనే మానుకున్నాను. గొట్టాన్ని రెండు రింగులు పట్టుకుంటాయి. రింగుల కింద ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది. అడుగున వెడల్పు, పైన సన్నం. అది గొట్టాన్ని మోసి తిప్పే మౌంటు నెత్తిన ఉన్న దవడలోకి జారుతుంది, పక్కన మర బిగిస్తే ఇక పైకి లేవదు. వైష్ణవుల్లోలా ఇందులోనూ వడగలై, తెంగలై ఉన్నాయి. జపాన్ కంపెనీ విక్సెన్ పేరు మీద చెలామణి అయ్యే సన్నపట్టీ సుమారు 44 మిల్లీమీటర్లు. అమెరికా వాళ్ల లాస్మాండీ పద్ధతి వెడల్పుపట్టీ సుమారు 75. ఒకరి పట్టీ ఇంకొకరి దవడలో ఇమడదు. రెండింటినీ పట్టే దవడలూ దొరుకుతాయి, కానీ సమరసభావానికి ఎక్కడైనా ధర ఎక్కువే.

పాతకాలం వాళ్లకు ఈ తంటా లేదు. విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావుకు ఇంటి అబ్జర్వేటరీయే ఉండేది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచిపోతుంటే ఆయన అక్కణ్ణించే చూశాడు. హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో 15 అంగుళాల గ్రబ్ రిఫ్రాక్టర్ పెట్టారు. అంతటి గొట్టాన్ని ఇనప స్తంభానికి శాశ్వతంగా బిగించి, చుట్టూ గోడలు లేపి, పైన గుమ్మటం కట్టేస్తారు. పొద్దుగూకాక మిద్దెమీదికి మోసి, దోమలకు దడిసి మళ్లీ కిందికి దించుకునే నాబోటి వాళ్లకే ఈ పట్టీ బేరం.

టెలిస్కోపుతో పాటు వచ్చిన పట్టీ జానెడు. దాన్ని రేణిగుంట రోడ్డులో ఒక లేత్ షాపుకు పట్టుకుపోయాను. మేస్త్రి మాట్లాడలేదు. స్టీలు స్కేలు అంచు దానిమీద నిలబెట్టి, ట్యూబ్‌లైటుకు ఎదురుగా ఒక కన్ను మూసి చూశాడు. స్కేలుకూ పట్టీకీ నడుమ సన్నటి వెలుగు గీత. "వంకర ఉండాది సామీ," అన్నాడు, జాతకంలో కుజదోషం బయటపెట్టినంత ప్రశాంతంగా.

ఆ వంకర ఎంతని? కాగితం మందం కూడా లేదు. కానీ లెక్క చూడండి. ముప్పై సెంటీమీటర్ల పట్టీ ఒక కొసన మిల్లీమీటరులో పదోవంతు కదిలిందా, గొట్టం గురి ఆకాశంలో ఒక ఆర్క్‌మినిట్ పైన తప్పుతుంది. గురుగ్రహం బింబమే అంత ఉండదు. అంటే ఫోకస్ తిప్పుదామని చెయ్యి వేయగానే గురుడు తనంత వెడల్పు పక్కకు గెంతుతాడు. దాన్ని నూటనలభై రెట్లు పెద్దది చేసి చూస్తున్నామని మరిచిపోకూడదు. ఇక్కడ ఆదుకునేది మందం. పట్టీ మందం రెట్టింపు చేస్తే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందం కోసం నడుమ కిటికీల్లా కోసిన పట్టీలు కూడా అమ్ముతారు. అవి ఫొటోలో బాగుంటాయి.

సరే, మందం తేలింది. పొడవు? కొనుగోలు సలహాలు రాసేవాళ్లంతా ఏకగ్రీవంగా పొడుగుదే కొనమంటారు. కారణం లేకపోలేదు. వెనక అరకిలో ఐపీస్ పెట్టినప్పుడు ఒకచోట, చిన్న ఐపీస్ పెట్టినప్పుడు ఇంకోచోట గొట్టం సమంగా తూగుతుంది. ఆ తేడా నేను మంచం మీద అప్పడాల కర్ర పెట్టి, దానిమీద గొట్టాన్ని అటూఇటూ దొర్లించి కనుక్కున్నాను: రెండువేళ్ల వెడల్పు. మా ఇంటావిడ గుమ్మంలో నిలబడి చూసింది. "అది కడిగి పెట్టండి," అని మాత్రం అంది. మా అమ్మ అంతటితో ఆగలేదు. "కొండమీద సాక్షాత్తూ సామి ఉంటే, గొట్టంలో ఏంటికి నాయనా ఎతకడం?"

పొడుగుదే కొనమనే ఆ సలహాదారులంతా చలిదేశాల వాళ్లు. వాళ్లకు ధ్రువనక్షత్రం ఆకాశంలో సగం పైకి ఉంటుంది. తిరుపతిలో ధ్రువుడు పదమూడున్నర డిగ్రీల ఎత్తులో, అరుగుమీద కూర్చున్నట్టు ఉంటాడు. అదీ లెక్క ప్రకారం. అలిపిరిలో మా మిద్దెమీద ఉత్తరానికి తిరిగితే కనపడేది శేషాచలం. ధ్రువుణ్ణి చూసి సరిచేసుకోవాల్సిన మౌంటు తెచ్చుకుంటే ముందు ఏడుకొండలవాణ్ణి పక్కకు జరగమనాలి. కొన్ని మౌంట్ల అక్షాంశాల స్కేలయితే 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, మన ఊరు భూమ్మీద లేనట్టు. అందుకే నాది పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిరిగే సాదా మౌంటు. దక్షిణాన మాత్రం మనదే పైచేయి. లండన్ వాళ్లు జన్మలో చూడలేని అగస్త్యుడు మనకు ఇరవై మూడు డిగ్రీల ఎత్తుకు వస్తాడు.

అసలు చిక్కు నెత్తిమీద. లండన్‌లో మృగశిర సగం ఆకాశానికి కాస్త పైదాకా ఎక్కి ఆగిపోతుంది. మనకు మృగశిర, కృత్తికలు రెండూ దాదాపు నడినెత్తిన పోతాయి. గొట్టాన్ని అంత నిట్టనిలువుగా లేపితే ఐపీస్ మోకాలి ఎత్తుకు దిగుతుంది, చూసేవాడు చాపమీదికి దిగుతాడు, మూరెడు పట్టీ వెనక కొస పోయి ట్రైపాడ్ కాలికి టక్కున తగులుతుంది. చలిదేశపు మూరెడు ఇక్కడ పనికిరాదు. జానెడు చాలదు. దవడ పట్టే మేర, రెండువేళ్ల సర్దుబాటు, రింగుల నడుమ ఎడం కలిపి చూస్తే అడుగు మీద కాస్త తేలింది. వెడల్పురకం, మందంగా, కిటికీలు లేకుండా.

అలాంటిదొకటి కొని పట్టుకుపోతే మేస్త్రి దాన్నీ స్కేలుతో చూశాడు. వెలుగు రాలేదు. తిరిగిస్తాడనుకుంటే రెండు కొసల్లోనూ రంధ్రాలు పెట్టి, మరలు కోసి, రెండు చిన్న బోల్టులు బిగించాడు. ఇవి నేను అడగలేదే అన్నాను.

"చీకట్లో పక్క మర లూజైందనుకో సామీ, గొట్టం జారి యాడికి పోతాది? ఈ బోల్టుకాడ నిలబడతాది. పట్టీకి నువ్వు ఎంత పోసినావో నాకొద్దు, బోల్టులకు ఇరవై ఇయ్యి."