ఇంటికి పంపించేశాం సార్!

మా ఉత్తరాంధ్ర హాస్టళ్లలో పిల్లలు చచ్చిపోరండి. జ్వరం వస్తుంది, ఫిట్స్ వస్తాయి, కళ్లు పచ్చబడతాయి. చావు మాత్రం గేటు దాటి లోపలికి రాదు. అది వచ్చేలోపే బిడ్డను గేటు బయట పెట్టేస్తాం. తర్వాత పై నుంచి ఫోనొస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఇంటికి పంపించేశాం సార్!"

ఇక నయం కాని రోగికి నొప్పి తగ్గించి, ఊపిరి తేలిగ్గా ఆడేలా చూసి, అయినవాళ్లను పక్కన కూర్చోబెట్టే వైద్యం ఒకటుంది. పాలియేటివ్ కేర్ అంటారు, ఉపశమన సేవ అని కూడా రాస్తారు. మా జిల్లాల్లో దానికి వాడుక మాట, "పట్టుకెళ్లిపోండమ్మా".

కబురందిన తల్లి కూలి మానుకుని కొండ దిగి వస్తుంది. "మా గుంటకేటైంది బాబూ?" అంటుంది. "ఏం లేదమ్మా, నీరసం. నాలుగు రోజులు ఇంటి దగ్గరుంటే తేరుకుంటుంది. ఇక్కడ వేలిముద్ర వెయ్యి." వేలికి సిరా అంటగానే బాధ్యత కూడా అంటుకుంటుంది. బిడ్డను భుజానేసుకుని పల్లెవెలుగు ఎక్కుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు టికెట్టు సున్నా. చివరి రోజుల బిడ్డకు సర్కారు వారి వైద్యసేవ ప్రస్తుతానికి ఆ సున్నాయే. మగపిల్లాడైతే అదీ లేదు.

బండ్లకు కరువని ఎవరూ అనకండి. పుట్టిన బిడ్డను ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. ప్రాణం మీదికొస్తే 108 ఉంది. ప్రాణం పోయాక పెద్దాసుపత్రి నుంచి మహాప్రస్థానం ఉంది. మెల్లగా, నెలల తరబడి, నొప్పితో వెళ్లిపోయే బిడ్డ మాత్రం ఏ బండికీ చెందదు. రోడ్డు లేని కొండ మీది గూడెమైతే డోలీ ఉంటుంది. దానికి డీజిలు ఖర్చు లేదు, మోసేవాళ్ల భుజాలే ఖర్చు.

2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులం పేపర్లకెక్కింది. పచ్చకామెర్లు పదుల కొద్దీ పిల్లల్ని పట్టుకున్నాయి, ఇద్దరు పోయారు. మిగతావాళ్లలో కొందరిని మన్యం జిల్లా నుంచి విజయనగరం దాటించి విశాఖ కేజీహెచ్‌కు మోసుకుపోయారు. నీళ్లు శుభ్రంగా ఉంటే దగ్గరికి రాని జబ్బు అది. ప్రతి గురుకులంలో ఒక ఏఎన్‌ఎంని పెట్టండి మహాప్రభో అన్న పాత డిమాండు మళ్లీ బయటికొచ్చింది. ఆటలాడుకునే పిల్లలకే నర్సు దిక్కు లేని చోట గుండెకు చిల్లున్న పిల్లో, కండరాలు కరిగిపోతున్న పిల్లాడో మంచం పడితే ఎవరు చూస్తారు? పక్క మంచం మీది ఆరో తరగతి పిల్లే చూస్తుంది. ఆ పిల్ల జీతం అడగదు, సెలవు పెట్టదు.

చట్టం లేదంటారా? బోలెడుంది. 2015 బాలల న్యాయ చట్టం 92వ సెక్షను చూడండి. దీర్ఘకాలం వైద్యం కావలసిన బిడ్డనూ, చికిత్సకు లొంగే రుగ్మతలున్న బిడ్డనూ తగిన చోటికి పంపవచ్చంటుంది. చికిత్సకు లొంగనివి? రుగ్మతే మొండికేస్తే చట్టం మాత్రం ఏం చేస్తుంది పాపం! బిడ్డ పోయాక మాత్రం నియమాలు చకచకా నడుస్తాయి. డాక్టరు రిపోర్టు తీసుకోవాలి, పోలీస్ స్టేషనుకూ బాలల సంక్షేమ కమిటీకీ రాతపూర్వకంగా తెలపాలి.

ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో ఉపశమన సేవ కూడా ఉంది. ఎక్కడో తెలుసా? వృద్ధుల సంరక్షణతో కలిపి ఒకే పద్దులో. తొమ్మిదేళ్ల పిల్ల ముందు వృద్ధురాలు కావాలి కాబోలు. సికిల్‌సెల్ పిల్లలకు ఇంకా మంచి గడువిచ్చారు. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషను ఆ జబ్బును 2047 కల్లా నిర్మూలిస్తుందట. సీతంపేట కొండల్లో ఎముకలు పిండేసే నొప్పితో రాత్రంతా మూలిగే పిల్లకు అప్పటిదాకా పారాసెటమాల్ బిళ్ల.

అంత తీవ్రమైన నొప్పికి సరైన మందు మార్ఫిన్. పెద్ద ఖరీదు కాదు. మందసౌర్ చుట్టుపక్కల లైసెన్సుతో నల్లమందు పండించే దేశం మనది. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దాన్ని నిల్వ ఉంచుకునే దారి సులువు చేశారు. పదేళ్లు దాటిపోయాయి. ఒడిశా సరిహద్దు నుంచి గంజాయి మూటలు మా చెక్‌పోస్టులు దాటి హైదరాబాదు చేరుతున్నాయి. మార్ఫిన్ సీసా మాత్రం మా పల్లె ఆసుపత్రి దారి కనుక్కోలేకపోతోంది.

డాక్టర్లు ఇళ్లకు రారన్న అపవాదు కూడా తగదు. 2025 జనవరిలో వచ్చారు. మంచం పట్టినవాళ్లకు నెలకు 15,000 రూపాయలిచ్చే పింఛనును సరిచూడటానికి బృందాలు గడప గడపా ఎక్కాయి. నొప్పి ఎంతుందని కాదు లెండి, వైకల్యం శాతం ఎంతుందని. ఎత్తితే గాని లేవలేనివాళ్లు నిజంగానే లేవలేరో లేదో చూసి వెళ్లారు. ఆ జీపులో మందుల పెట్టె కూడా ఎక్కించవచ్చని ఎవరికీ తట్టలేదు.

కేరళవాళ్లు 2008లోనే దీనికి విధానం రాసుకున్నారు. అక్కడ పంచాయతీ తరఫున నర్సు మంచం పట్టినవాళ్ల ఇంటికి వెళ్తుంది. అంత దూరం ఎందుకు, హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లల ఉపశమన వైద్యం చేసే డాక్టర్లున్నారు, తెలుగులోనే మాట్లాడతారు. అయితే అది వేరే రాష్ట్రం. మేం గిరీశం గారి ఊరివాళ్లం, ఉపన్యాసాలకు లోటు చెయ్యం. రెండు లెక్చర్లు దంచి, అరసవల్లి వెళ్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకోమని చెప్పి పంపిస్తాం.

ఇల్లే మంచిది, తల్లి ఒళ్లో పోవడం కంటే ఏం కావాలి అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. నిజమే. తల్లి ఒడికి ఎవరూ అడ్డు చెప్పరు. ఆ ఒడిలో బిడ్డ నొప్పికి మెలికలు తిరుగుతుంటే ఆవిడ ఎవరికి ఫోను చెయ్యాలో ఆ పెద్దాయన చెప్పలేదు. హాస్టలుకు చేస్తే ఎత్తరు. ఆ బిడ్డ పేరు రిజిస్టరులో లేదుగా.

అయ్యా కలెక్టరు గార్లూ, సూపర్ స్పెషాలిటీలు అడగడం లేదు. ప్రతి గురుకులంలో, వికలాంగ పిల్లల ప్రతి వసతి గృహంలో రాత్రిపూట కూడా ఉండే ఒక నర్సునివ్వండి. మండలానికి ఒక చోట మార్ఫిన్, అది ఎంత వెయ్యాలో తెలిసిన ఒక డాక్టరు ఉండేలా చూడండి. ఇంటికి పంపిన బిడ్డ దగ్గరికి వారానికోసారి వెళ్లే మనిషినివ్వండి. హాస్టల్లోనే ఉండిపోయే బిడ్డ పక్కన తల్లి పడుకోవడానికి ఒక మంచం వెయ్యండి. మడత మంచమైనా చాలు.