ట్యాంకరు నీళ్లు తాగేవారికి తిరుగులేని చిట్కాలు

వేసవి ముదిరితే మార్కాపురం, తర్లుపాడు, కొనకనమిట్ల, గిద్దలూరు రోడ్ల మీద మనుషులకన్నా నీళ్ల ట్యాంకర్లే ఎక్కువ కనిపిస్తాయి. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండ కింద 18 కిలోమీటర్లకు పైగా సొరంగాలు తవ్వి కృష్ణ నీళ్లు తెస్తామన్నారు. ఆ ఏడు పుట్టిన ఆడపిల్లకు ఈపాటికి బడికెళ్లే పిల్లలుండాలి. 2024లో సొరంగాలను జాతికి అంకితం చేయడం కూడా అయిపోయింది. జాతికి సొరంగాలు, మనకు ట్యాంకర్లు.

కాబట్టి బోరు దగ్గర బయల్దేరిన నీళ్లు ట్యాంకరెక్కి, సంపులో దిగి, మిద్దె మీదికి పాకి, చివరికి మన గ్లాసులో పడేదాకా ఎలా కాపాడుకోవాలో ఇల్లు నడిపేవాళ్లకు తెలిసి ఉండాలి. ఇంజనీర్లు రాసే పుస్తకాలు మనకు పనికిరావు. నలుగురూ చేసేదే మంచిపని కనుక, మన ఊళ్లల్లో నలుగురూ చేస్తున్నవే ఇక్కడ చెబుతున్నాం.

అన్నిటికన్నా ముందు, నీళ్ల మంచిచెడ్డలు చూడ్డానికి దేవుడు కళ్లూ నాలుకా ఇచ్చాడని మరవకండి. తేటగా ఉంటే మంచి నీళ్లు. తియ్యగా ఉంటే మరీ మంచివి. ఉప్పగా ఉంటే వాడకానికి. ఇంతకు మించిన పరీక్ష మా తాతకు తెలియదు, మాకూ అక్కర్లేదు. ఫ్లోరైడు ఫ్లోరైడు అని కొందరు ప్రాణం తీస్తుంటారు. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అన్నీ లేనిదాన్ని పట్టించుకోవడం ఎందుకు?

ఈ గొడవ ఇప్పటిది కూడా కాదు. 1937లోనే షార్ట్ అనే డాక్టరు, మరికొందరు కలిసి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. దేశంలో ఈ జబ్బు సంగతి మొదట బయటపడింది అప్పుడే. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లావే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు వాటిని అందులో కలిపారు. మార్కాపురం, గిద్దలూరు మాత్రం కర్నూలు నుంచి వచ్చాయి. అంటే ఫ్లోరైడు నెల్లూరు వాళ్ల సమస్య. మనది కర్నూలు పుట్టుక. భూగర్భంలోని రాయి తాలూకా సరిహద్దు చూసుకునే ఉంటుంది లెండి.

తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, మరో దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చనీ ఐ.ఎస్. 10500 అనే భారత ప్రమాణం చెబుతుంది. మిల్లీగ్రాము ఎంత? కంటికి ఆనదు. అంత దానికి భయపడితే నలుగురూ నవ్వుతారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, చిగురు లోపల శాశ్వత దంతాలు తయారవుతున్న వయసులోనే, ఈ నీళ్లు పడితే పంటి మీద సుద్ద మచ్చలూ గోధుమ రంగు చారలూ వస్తాయట. వస్తే పేస్టు మార్చండి. అది పైన పట్టిన మరక కాదు, పన్ను కట్టుబడిలోనే వచ్చిన లోపం, ఎంత తోమినా పోదు. అయినా తోమించండి. పేస్టు కంపెనీలు కూడా బతకాలి కదా. నలభై నిండని మనిషికి మెడ తిరగక, మోకాళ్లు మడవక, కింద కూర్చుని లేవలేకపోతే వాతం అనండి. వాతానికి మన దగ్గర నూనెలకు కొదవ లేదు.

ఫ్లోరైడు ఉందని ఎవరైనా గట్టిగా చెబితే నీళ్లు బాగా కాచండి. సగానికి మరిగేదాకా కాచండి. ఆవిరైపోయేది ఉత్త నీరే. ఫ్లోరైడు గిన్నె దాటి పోదు, మిగిలిన సగంలో రెండింతలు చిక్కబడుతుంది. డబ్బు పెట్టి కొన్న సరుకులో ఇంత కూడా వృథా కాదు. కాస్తే చచ్చేది క్రిములు, దానికీ దీనికీ సంబంధం లేదు అని చెప్పేవాళ్లుంటారు. క్యాండిల్ ఫిల్టర్‌లో పోసినా, రాగి బిందెలో రాత్రంతా ఉంచినా ఫ్లోరైడు తగ్గదని కూడా వాళ్లే అంటారు. అలాంటివాళ్లతో వాదించకండి, గొంతెండిపోతుంది.

పటిక సంగతి వేరు. పటిక తిప్పితే బురద అడుగుకు దిగుతుంది, నీళ్లు అద్దంలా అవుతాయి. మన మొదటి సూత్రం ప్రకారం ఇక తాగేయడమే. పటికతో పాటు సున్నం కూడా లెక్క ప్రకారం వేసి, కలియబెట్టి, తేర్చి, వడకడితే ఫ్లోరైడు తగ్గుతుందని నాగపూర్‌లోని నీరీ సంస్థ వాళ్లు చాలా ఏళ్ల కిందటే కనిపెట్టారు. దానికి నల్గొండ పద్ధతి అని పేరు పెట్టారు. పొదిలి పద్ధతి అని పెట్టి ఉంటే ఆలోచించేవాళ్లం.

ఇక ట్యాంకరు. పగలు కట్టుబడి పనికీ, మధ్యాహ్నం మిరపతోటలో మందు కొట్టడానికీ, సాయంత్రం తాగేందుకూ తిరిగే ట్యాంకరునే పిలవండి. ఒక్క పనికే పెట్టుకున్నవాడు కిరాయి ఎక్కువ అడుగుతాడు. పైన మూత ఉందా అని చూడకండి. మూత ఉంటే లోపలికి గాలాడదు. లోపల ఎప్పుడు కడిగావని డ్రైవరును అడగడం మర్యాద కాదు. నీళ్లు ఏ బోరువని అడగడం అంతకన్నా అమర్యాద.

పైపు విషయంలో మాత్రం జాగ్రత్త. ట్రాక్టరు వీధి మొదట్లో ఆగుతుంది. పైపును అక్కణ్నుంచి మీ గేటు దాకా మట్టిలో ఈడ్చుకునే రావాలి. మధ్యలో సైడు కాలవ అడ్డం వస్తే దాంట్లో ముంచి దాటించాలి. గేదె పేడ వేసి ఉంటే దాని మీదుగానే. ఆ చుట్టిన పైపు మడతల్లో నిన్నటి నీళ్లు ఎండలో కాగి ఉంటాయి కదా, అవి ముందుగా సంపులోకి పోనిచ్చి, ఆ వెనక కొత్తవి. పైపు మూతి కడుగుదామని చెంబు పట్టుకొచ్చే ఇల్లాలిని ట్యాంకరు వాళ్లు ఎలాగూ చిన్నబుచ్చి పంపిస్తారు.

"ఏందబ్బాయ్, నీళ్లు ఎర్రగా వస్తుండాయి?"

"కొత్త నీళ్లక్కా. రెండు బిందెలు పోతే తేటబడతాయి."

"పోయిన తడవా ఇదే మాట అంటివే."

"పోయిన తడవా కొత్త నీళ్లే గదక్కా."

ఇంత సూటిగా జవాబు చెప్పే మనిషిని అనుమానించడం పాపం.

బ్లీచింగ్ పౌడర్ వాసన వస్తే మాత్రం ట్యాంకరును వెనక్కి పంపేయండి. ఆ వాసన మనకు పడదు. వెయ్యి లీటర్లకు నాలుగైదు గ్రాముల మంచి పౌడరు చాలట. అంటే ఐదువేల లీటర్ల ట్యాంకరుకు పాతిక గ్రాములు మించదు. దాన్ని విడిగా బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయాలట. అరగంట ఆగాలట. ఆ తరవాత కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే, దారిలో కొత్తగా చేరే క్రిముల పని అది చూసుకుంటుందట. అరగంట ఆగే ఓపిక ఎవరికుంది? తప్పనిసరై వేయాల్సి వస్తే, మూతి విప్పి ఏడాదిగా మూలన పడి ఉన్న సంచీలోది వాడండి. అందులో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది కనుక వాసన రాదు.

సంపు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మరుగుదొడ్డి గుంతకు దగ్గరగా తవ్వించుకోండి, స్థలం కలిసొస్తుంది. మూతకు పలకల ఫ్యాక్టరీ దగ్గర పడేసిన విరుగు రాయి చాలు. విరిగిన మూల నుంచి బొద్దింకలు పోతూ వస్తూ ఉంటాయి, వాటికీ దాహం ఉంటుంది. దోమ గుడ్డు పెట్టి, పురుగై, రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే శుక్రవారం శుక్రవారం డ్రై డే అంటూ తొట్లు ఖాళీ చేయమని ఇంటింటికీ చెబుతుంటారు. చెప్పినప్పుడు తలూపండి.

మునిసిపల్ కొళాయి ఉన్న అదృష్టవంతులు దానికి నేరుగా మోటారు బిగించుకోవాలి. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు సన్నగా కారుతుంటే చూస్తూ కూర్చుంటామా? మోటారు గుంజుడుకు పైపు లోపల పీడనం పడిపోతుంది. ఎక్కడ పగులుంటే అక్కణ్నుంచి కాలవ నీళ్లు కూడా లోపలికి వస్తాయి. వీధిలో అందరికన్నా ముందు మీ బిందె నిండుతుంది, రుచి కూడా అందరి నీళ్లకన్నా చిక్కగా ఉంటుంది.

మిద్దె మీదికి తెల్లటి ట్యాంకే కొనండి. వెలుతురు లోపలికి దిగితే పాచి బాగా పెరుగుతుంది. పచ్చదనం మంచిదని అందరూ చెబుతున్నదే. మూడు నాలుగు నెలలకోసారి ఖాళీ చేసి, గోడలు రుద్ది, క్లోరిన్ దండిగా కలిపిన నీళ్లు కొన్ని గంటలు నిలవ ఉంచి, పారబోసి, మళ్లీ కడగమంటారు. పది రూపాయలు పోసి కొన్న బిందెడు నీళ్లతో ట్యాంకు కడుగుతామా! ఇల్లు కట్టినప్పుడు ఒకసారి కడిగారు కదా.

ఇప్పుడు మన నాగరికతకు శిఖరమైన ఫిల్టర్ క్యాను దగ్గరికి వద్దాం. ఊరికో ప్లాంటు ఉంది. మెంబ్రేను బాగుంటే ఆర్.ఓ. మిషను ఫ్లోరైడును చాలా మటుకు ఆపుతుంది, అందులో అబద్ధం లేదు. ఆ మెంబ్రేను ఎప్పుడు మార్చారో అడగకపోవడమే మన చిట్కా. మిషనులో క్లోరిన్ కూడా పోతుంది కనుక, క్యానులోకి దిగిన నీళ్లకు కాపలా ఎవరూ ఉండరు. అందుకని వాటిని వారం పది రోజులు ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టుకోండి. క్యాను మూతి ఇరుకు, చెయ్యి లోపలికి పోదు. కాబట్టి గుక్కెడు నీళ్లు పోసి రెండుసార్లు ఊపి పారబోస్తే కడిగినట్టే. లోపల వేలు పెట్టి రుద్దగలిగితే జారుడుగా తగిలే పొర ఒకటి ఉంటుంది. చెయ్యి పోదు కాబట్టి అది లేదనుకోవచ్చు.

క్యాను నుంచి బిందెలోకి పోసుకున్నాక గ్లాసు వేళ్లతో సహా ముంచి తీయండి. పొడుగు కాడ గరిటెతో తీసుకోవడం, కొళాయి ఉన్న డబ్బా వాడటం ఆసుపత్రి మనుషుల చాదస్తం.

ఎవరైనా అనుమానపడితే ప్లాంటు వాడు టీడీఎస్ మీటరు ముంచి చూపిస్తాడు. 60 అనో 80 అనో అంకె వెలుగుతుంది. ఆ మీటరు నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, దాన్నిబట్టి లవణాల మొత్తం లెక్కగడుతుంది, అంతే. అందులో ఫ్లోరైడు ఎంతో చెప్పదు. విరేచనాలు పట్టించే క్రిములు కోటి ఉన్నా దానికి పట్టదు. కానీ అంకె వెలుగుతుంది కదా, అంకెకు ఎదురు చెప్పేవాళ్లు మన దేశంలో లేరు. ప్లాంటు వెనక గొట్టంలోంచి వదిలేసే నీళ్లలో మిషను ఆపిన ఉప్పూ ఫ్లోరైడూ అంతా ఉంటుంది. ఊరికే పోతున్నాయి కనుక గేదెలకు పట్టండి. వాటి కాళ్లూ బిగుసుకుపోతే సంతకు తోలేయొచ్చు.

శివరాత్రికి దోర్నాల మీదుగా ఘాటెక్కి శ్రీశైలం వెళ్లే బస్సులకు ఒక్క మాట. బస్సు టాపు మీద పెట్టే నీలం డ్రమ్ములో అంతకు ముందు ఏం పోశారో అడగవద్దు, యాత్రకు ముందు అశుభం మాట్లాడకూడదు. దారిలో వాగు కనిపిస్తే నింపుకోండి. అడవి నీళ్లు స్వచ్ఛమైనవి. పైన గొర్రెల మంద దిగిన సంగతి కింద తాగేవాడికి తెలియదు కనుక అతనికి దోషం అంటదు. ఇరవై లీటర్లకు ఒకటి చొప్పున వేసే క్లోరిన్ బిళ్లలు దొరుకుతాయి. అవి తీసుకెళ్తే మల్లన్న మీద నమ్మకం లేనట్టు.

నీళ్లు పరీక్ష చేయించుకోవాలనే దుర్బుద్ధి ఎప్పుడైనా పుడితే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు ఆదివారం వెళ్లండి. కూల్‌డ్రింకు సీసాలో పట్టుకెళ్తే ఇంకా మంచిది. పల్లెల్లో కొందరు ఆడవాళ్లకు పరీక్ష పెట్టెలిచ్చి నేర్పించారు. వాళ్ల దగ్గరుండే చిన్న సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలంలోని క్రిములు చేరిన నీళ్లయితే నల్లబడుతుందట. నల్లబడ్డ సీసాను చూసి మనసు పాడుచేసుకోవడం కన్నా పరీక్షకు ఇవ్వకపోవడం మేలు.

ఇన్ని చెప్పినా వినని మొండి కుటుంబాలు వీధికొకటి ఉంటాయి. ట్యాంకరు ఏ బోరుదో అడిగి తెలుసుకుంటారు. పైపు మూతి వాళ్ల కళ్లెదుట కడిగితేగానీ సంపులోకి వదలనివ్వరు. తాగే నీళ్లు వేరు, వాడే నీళ్లు వేరు చేసి, తాగేవాటికి మాత్రమే ఖర్చు పెడతారు. పౌడరు గ్రాముల్లో తూస్తారు, అరగంట గడియారం చూస్తారు. ఫ్లోరైడు ఎంతుందో కాగితం తెచ్చుకుని, అది 1.5 దాటితే కాచడం మానేసి ప్లాంటు నీళ్లకో, నాగార్జునసాగర్ నీళ్లకో మారతారు. మొదటి వాన మిద్దె కడగడానికి వదిలేసి, రెండో వాన నుంచి తొట్టిలోకి పడతారు. వాన నీళ్లలో ఫ్లోరైడు ఉండదన్న ధీమా వాళ్లది. పిల్లలకు పాలూ ఆకుకూరలూ కాస్త ఎక్కువ పెడతారు. వాళ్లతో మాట్లాడితే విసుగొస్తుంది.

వాళ్లింటికి ఎప్పుడైనా చుట్టపుచూపుగా వెళ్తే మాత్రం, నీళ్లు అక్కడే తాగి రండి. ఒక క్యాను వెంట తీసుకెళ్లినా తప్పులేదు.