తలుపు వైపు నేనే

మీకు చెబితే తప్పులేదు. మగవాళ్లలో చాలామందికి పడకటింట్లో తలుపు వైపే పడుకోవాలని ఉంటుంది. ఎందుకని అడిగితే నోరు విప్పరు. నేను విప్పుతాను. దొంగ వస్తే ముందు నా మీద పడాలి, ఆమె మీద కాదు. పెళ్లయిన నాటి నుంచి నాది అదే పంతం.

2016 అక్టోబరులో మా నవాబుపేట రంగారెడ్డి నుంచి కొత్త వికారాబాద్ జిల్లాలోకి వచ్చింది. నా పెళ్లీ ఆ ఏడే. మా అర్రలో తాండూరు బండలు పరిచి ఉంటాయి. ఎండాకాలం ఆ చల్లదనం మరిగినవాడు మంచం ఎక్కడు. మేమూ పరుపు నేలమీదే వేసుకున్నాం. తూర్పుకు తల పెడితే తలుపు నా ఎడమకు వస్తుంది. భార్య ఎడమపక్కన ఉండాలని పెళ్లిపీటల మీద అయ్యగారు చెప్పి ఉన్నాడు. శివుడు పార్వతికి ఇచ్చిన సగం కూడా ఎడమవైపే. శాస్త్రం పాటిస్తే ఆమె తలుపు దగ్గరికి పోతుంది. రెండు రాత్రులు నాకు కంటిమీద కునుకు లేదు. ఉత్తరానికి తల ఎలాగూ పెట్టకూడదు. మూడోనాడు పరుపు తిప్పి పడమరకు తల పెట్టాను. ఆమె ఎడమకు వచ్చింది, తలుపు కుడికి వచ్చింది. రాజ్యం గెలిచినంత సంబరం నాకు.

"గోడ పక్కన ఉక్కపోస్తది" అన్నది ఆమె. "నీ మంచికే" అన్నాను.

ఆ గోడ అడుగున బండలు కడిగిన నీళ్లు పోయేందుకు ఒక బొక్క ఉంది. అది నా లెక్కలోకి రాలేదు.

2018 వానాకాలం. కరెంటు పోయింది. బిడ్డకు పాలివ్వడానికి లేచి ఆమె ఫోన్ లైటు వేసింది. గోడ వెంబడి, ఆమె దిండుకు జానెడు దూరంలో, నల్లటి ఒంటిమీద తెల్లటి కట్లు. బిడ్డను ఎత్తి భుజాన వేసుకుంది, నా భుజం తట్టింది, "పామున్నది, మెల్లగ లెవ్వు" అన్నది. నేను లేచాను, దుప్పటి కాళ్లకు చుట్టుకుంది, గడియ లాగాను, తలుపు తీశాను, వాకిట్లో వానలో నిలబడ్డాను. ఒక్కణ్నే. ఆమె, బిడ్డ ఇంకా లోపలే ఉన్నారు.

తర్వాత ఆమె నెమ్మదిగా బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఇంత కాలం మనసులో మిగిలేది కాదు.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద నిద్రపోయేవాళ్లను కరుస్తుంది. నొప్పి అంతగా ఉండదు కాబట్టి చాలామందికి మెలకువే రాదు. గంటలు గడిచాక రెప్పలు వాలతాయి, ఊపిరి అందదు. ఆ రాత్రి ఆమె లేవకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి. ఆ రెండేళ్లలో నడిరాత్రి చప్పుడుకు నేను ఒక్కసారి లేచిన గుర్తు లేదు. గడియ పడ్డదో లేదో చూసేది, గ్యాసు కట్టేసేది, బిడ్డ నుదురు తాకి చూసేది ఆమే. ఎక్కడ పడుకుంటావని ఆమెను అడగడానికి మాత్రం నాకు ఆ పాము రావలసి వచ్చింది.

ఇప్పుడు ఆమె తలుపు వైపు, నేను గోడ వైపు. మంచం కొన్నాం, బొక్కకు జాలీ బిగించాం. మీరు నేలమీద పడుకునేవాళ్లయితే దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. పాము కరిచిందని అనుమానం వచ్చినా మంత్రగాడి దగ్గరికి పోకండి, 108కి ఫోన్ చేయండి. ఈ రాత్రి దీపం ఆర్పే ముందు మీ గోడ అడుగున ఒకసారి చూడండి.