మోడుపై సరాగము: సటీకా తాత్పర్యము

మూలము

“ప్రకృతిమాత ఒడిలో పరవశించుచు, పాలపిట్టయు రామచిలుకయు మన సంఘ ఉద్యానవనమందలి మోడుపై సరాగములాడు అపురూప దృశ్యమును తిలకించి, సభ్యులెల్లరును ఐకమత్యమును అలవరచుకొందురు గాక.”

అవతారిక

భీమవరంలో ఒకానొక కాలనీ సంక్షేమ సంఘంవారి గేటు పక్కన నల్లబల్ల మీద, సుద్దముక్కతో, కార్యదర్శిగారి స్వహస్తాలతో వెలసిన వాక్యమిది. వీరు మామూలుగా మంచి తెలుగే రాస్తారు. “మోటారు కాలిపోయింది, రేపు నీళ్ళు రావు” అని మొన్న రాసినదాంట్లో ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. పిట్ట కనపడితే మాత్రం వారికి పూనకం వస్తుంది. చుచులూ, ఎల్లరులూ, గాకలూ దిగుతాయి. ఆఖర్న మనకో నీతి తగులుతుంది. ఉడుత కనిపిస్తే కృషి, చీమ కనిపిస్తే పొదుపు, కాకి కనిపిస్తే బంధుప్రీతి. పార్కులోకి ఏ ప్రాణి వచ్చినా మనకు బుద్ధి చెప్పడానికే వచ్చినట్టు లెక్క.

కోలాచలం మల్లినాథసూరి తన వ్యాఖ్యానాల మొదట్లో రెండు ప్రతిజ్ఞలు చేసుకున్నాడు: మూలంలో ఆధారం లేనిది రాయనని ఒకటి, అక్కర్లేనిది చెప్పనని రెండోది. మొదటిది నేనూ చేస్తున్నాను. రెండోది నా వల్ల కాదు.

పాఠాంతరము

చినుకు పడి, పిల్లలు వేళ్ళు పెట్టి, సాయంత్రానికి నల్లబల్ల ప్రతిలో ‘సరాగములాడు’ కాస్తా ‘సారంగములాడు’ అయింది. దీన్ని అపపాఠమని తోసేయడానికి లేదు. సారంగమంటే జింక. ఉద్యానవనంలో సిమెంటు జింక ఉన్నది. అయినా అది ఆడదు, కదలదు కనుక మొదటి పాఠమే గ్రాహ్యము.

టీక

ప్రకృతిమాత, ఒడిలో, పరవశించుచు: స్పష్టము. పరవశించినది ఎవరో మాత్రం అన్వయంలో తేలదు. పిట్టలని కొందరు, కార్యదర్శిగారని అస్మదాదులు.

పాలపిట్ట: అమరసింహుడు సింహాది వర్గంలో దీనికి చాషము, కికీదివి అని రెండు పేర్లు పెట్టాడు. రెండో పేరు పైకి చదివితే చాలు, దీని గొంతు ఎంత కర్కశమో చెవికి తెలుస్తుంది. కూర్చున్నప్పుడు మట్టి రంగు పిట్ట. రెక్క విప్పితే నీలం. జతకట్టే రోజుల్లో మగపిట్ట నిలువునా పైకెగిరి, గింగిరాలు కొడుతూ, అరుస్తూ కిందికి పడుతుంది. అరిచేది ఆడపిట్ట మనసు కోసం కావచ్చు, పక్కవాడు తన హద్దులోకి రాకుండా కావచ్చు. పరవశం అందులో ఎంతపాలో, పట్టా గొడవ ఎంతపాలో విచారించవలసినదే. దసరానాడు దీన్ని చూస్తే శుభమంటారు. ఆ శుభం ఉమ్మడి రాష్ట్రంలో అధికారికం కూడా, రాష్ట్ర పక్షి ఇదే.

రామచిలుక: కీరము, శుకము. మన్మథుడి వాహనం. కావ్యాల్లో దీనికి తిండి దానిమ్మగింజలు, ఉద్యోగం నాయిక చెప్పిన మాట నాయకుడి ముందు అప్పజెప్పడం. శుకసప్తతిలోనైతే ఏకంగా రాత్రికో కథ చెప్పి ఇంటి పరువు కాపాడింది. ఇంతమంది కవులు చిలుక ముక్కును దొండపండన్నారు గాని, ఆ దొండపండుతో అది కొబ్బరి మానును పేళ్ళు పేళ్ళుగా లేపుతుందని ఎవరూ అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. వేలు పెట్టి చూసినవారికి ఈ సందేహం ఉండదు. ఇక రాజకీయం: 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేపను రాష్ట్ర వృక్షంగా, కృష్ణజింకను రాష్ట్ర జంతువుగా, మల్లెను రాష్ట్ర పుష్పంగా, రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. పాలపిట్ట తెలంగాణకే మిగిలింది. కాబట్టి ప్రస్తుత ఘట్టాన్ని లౌకికంగా చెప్పాలంటే, విభజనలో తెలంగాణకు ఆప్షను పడిన ఉద్యోగి ఇక్కడి క్వార్టరు ఖాళీ చేయకుండా కూర్చుంటే, కొత్తగా పోస్టింగు వచ్చినాయన జీవో చేతబట్టుకుని తలుపు బాదుతున్నాడు.

సంఘ ఉద్యానవనము: సిమెంటు బాట, ప్లాస్టిక్ గడ్డి, సిమెంటు జింక ఒకటి, సిమెంటు కొంగలు రెండు. కొంగల ముక్కులకు ఏటా సంక్రాంతి ముందు పసుపు రంగు వేస్తారు. ఆ ముక్కు మీద కాకి వాలుతుంది. ప్రాణమున్న గుడ్డికొంగ వాలడానికి ఇక్కడ తడి నేల జానెడు లేదు. పంటబోదె ఉండేది. పూడ్చి దాని మీదే బెంచీ వేశారు.

మోడు: దీని దగ్గర కాస్త ఆగాలి. ఇది కొబ్బరి మోడు. కొమ్ముపురుగు మొవ్వను తొలిచింది, ఆ గాయంలోంచి ఎర్రముక్కు పురుగు దిగింది, తల వాలి ఊడిపోయింది, మాను మిగిలింది. దానికి ఎవరో మనీప్లాంటు పాకించారు. మాను మధ్యలో, బంగారు వీపూ ఎర్ర జుట్టూ ఉన్న వడ్రంగిపిట్ట ఒకటి గుండ్రంగా తొర్ర తొలిచి, కాపురం చేసి, వెళ్ళిపోయింది. ఈ మోడులో సొంతంగా ఇల్లు కట్టుకున్నది అదొక్కటే. చిలుక, గోరింక, పాలపిట్ట, పైడికంటె, అన్నీ అద్దెకే. చిలుకకు మాఘ ఫాల్గుణాల్లో కావాలి. పాలపిట్టకు చైత్రం వచ్చేసరికి కావాలి. అప్పటికి చిలుక గుడ్లు పెట్టి పీట వేసుకుని కూర్చుంటుంది. ఇదీ తగవు.

సరాగములాడు: ఈ పదం దగ్గరే నాకు ఒళ్ళు మండింది. రాసినవారు ఇంకే ఊరివారైనా క్షమించేవాణ్ణి. భీమవరంవారికి పక్షిశాస్త్రమంటే కుక్కుటశాస్త్రం. ఈ ఊళ్ళో అడవి పక్షుల పేర్లు అడవి పక్షులకు చెల్లవు. కాకి అంటే నల్ల కోడి, డేగ అంటే ఎర్ర కోడి, సేతువ అంటే తెల్లది. కాకిడేగ, కాకినెమలి వగైరా సంకరాలూ ఉన్నాయి. వాటి మధ్య తేడా చెప్పలేక వ్యాకరణ పండితులు ఓడిపోగా, పదేళ్ళ పిల్లవాడు అరుగు మీంచే చెప్పేస్తాడు. ఏ వారం ఏ రంగు గెలుస్తుంది, యజమాని నామనక్షత్రానికి ఏది కలిసొస్తుంది, ఏ దిక్కు నించి కోడిని వదలాలి, అన్నింటికీ శాస్త్రం ఉంది, పంచాంగం ఉంది. పందెంకోడికి బాదం పప్పు పెడతారు, జీడిపప్పు పెడతారు, మేక మాంసం కైమా పెడతారు, చెరువులో ఈత కొట్టిస్తారు. ఇంట్లో పెద్దాయనకు ఇందులో సగం జరిగితే నూరేళ్ళు బతుకుతాడు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉండనే ఉంది. పోలీసు హెచ్చరికలు భోగి ముందు రోజు దాకా వస్తూనే ఉంటాయి. భోగినాడు బరి దగ్గర కారు ఆపుకోవడానికి చోటుండదు. పల్నాటిలో నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ జరిగిన కోడిపందెంలో ఓడి మాచెర్లవారు ఏడేళ్ళు ఊళ్ళు వదిలి పోయారు. మావాళ్ళు ఓడితే ఎకరాలు వదులుతారు, ఊరు మాత్రం వదలరు, వచ్చే ఏడు మళ్ళీ పందెం వేయాలి గనక.

ఎక్కడున్నాం? సరాగము. అలాంటి ఊళ్ళో పుట్టి, మూడు రోజుల సంక్రాంతీ బరి ముందు వరసలో కుర్చీ వేయించుకునే మనిషి, రెండు పిట్టలు మెడ ఈకలు నిక్కబొడుచుకుని ఒకదాని మీదికొకటి దూకుతుంటే చూసి సరాగమంటారా! ఆ పొద్దున నేనూ అక్కడే బెంచీ మీద ఉన్నాను. చిలుక తొర్రలోకి వెనక్కి జరిగి ముక్కు మాత్రం బయట పెట్టింది. పాలపిట్ట ఎదురింటి కరెంటు తీగ మీంచి ఏటవాలుగా వచ్చి తొర్ర అంచుకు తగిలింది. చిలుక దాని రెక్క ఈక పట్టింది, వదల్లేదు. గిజగిజా కొట్టుకుని పాలపిట్ట విడిపించుకుపోయాక ఒక నీలం ఈక తిరుగుతూ వచ్చి సిమెంటు జింక వీపు మీద పడింది. ఈ పెనుగులాటనే కార్యదర్శిగారు ఫోనులో బంధించారు.

ఐకమత్యము: ఇక్కడ పూర్వపక్షం. “అయ్యా, ఆ పిట్టల్లో ఐకమత్యం లేదని ఎలా అంటారు? తర్వాత ఒకనాడు కలిసి పోరాడాయి కదా?” నిజమే, పోరాడాయి. మిట్టమధ్యాహ్నం మనీప్లాంటు తీగ పట్టుకుని జెర్రిపోతు మోడెక్కింది. దానికి విషం లేదు, ఆకలి ఉంది. ముందు ఉడుత కీచుమంది. ఆ వెంటనే గోరింకలు, ఎక్కణ్ణించో పసులపోలిగాడు, చిలుకలు రెండూ, మన పాలపిట్ట, అన్నీ దాని నెత్తిన దిగాయి. పసులపోలిగాడు తోక మీద పొడిచాడు. పాలపిట్ట తల మీదికి దూకి చివర్లో పక్కకు తిరిగింది. జెర్రిపోతు సగంలో ఆగి, తల అటూ ఇటూ తిప్పి, జారుకుంటూ దిగి గోడ కన్నంలోకి పోయింది. సిద్ధాంతం: అది ఐకమత్యము కాదు, అవసరము. పాము తోక కన్నంలోకి పోయీపోగానే పాలపిట్ట మళ్ళీ తొర్ర మీదికి వచ్చింది. చిలుక మళ్ళీ ముక్కు పెట్టింది. ఆ తర్వాత పాలపిట్టే దారి చూసుకుంది. మోడు పైభాగం కుళ్ళి గిన్నెలా గుంటపడి ఉంటే అందులో సర్దుకుంది. ఇప్పుడు పై వాటా వాళ్ళకీ కింది వాటా వాళ్ళకీ రోజూ గొడవే.

విశేషము

ఒక్క మోడు కోసం ఇంత పోరు ఎందుకని వ్యాఖ్యాత అడగాలి కదా. చుట్టుపక్కల వేరే మోడు లేదు గనక. ఒకప్పుడు చేలగట్ల మీద తాటిచెట్లు, కాలవగట్ల మీద కొబ్బరిచెట్లు ఉండేవి. చచ్చినవి చచ్చినచోటే నిలబడేవి. చేలు చెరువులయ్యాయి. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక ఆ వేగం చెప్పక్కర్లేదు. చెరువుగట్టు మీద చెట్టుంచరు. చెట్టుంటే పిట్ట వాలుతుంది. కాకి ఒక చెరువులో చచ్చిన రొయ్యను ముక్కున పెట్టుకుని ఇంకో చెరువులో పడేస్తే తెల్లమచ్చ తెగులు దానితోపాటే వెళుతుంది. అందుకని నీళ్ళ మీద అడ్డంగా తాళ్ళూ వలలూ కడతారు. రైతును తప్పుపట్టను, అప్పు అతనిది. కానీ తరిమిన పిట్ట ఎక్కడికో ఒకచోటికి పోవాలి. వచ్చి మన పార్కులో పడింది. మనం దాన్ని చూసి అపురూప దృశ్యమంటున్నాం.

ఇక్కడికి ఎంతో దూరం లేదు, కైకలూరు దగ్గర ఆటపాకలో, కొల్లేటి గూడబాతులకు గూళ్ళు పెట్టుకోను చెట్లు చాలక అటవీశాఖవారు నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. అక్కడ సర్కారు ఇనుముతో మోడు చేయించి పెడుతోంది. ఇక్కడ మన సంఘంవారు, ఈ నల్లబల్ల వాక్యం రాసిన వారంలోనే, “అందవిహీనముగానున్న ఎండు మోడును తక్షణమే తొలగించుటకు” తీర్మానించారు. రెండు వాక్యాల్లోనూ దస్తూరీ ఒకటే.

గాక: ఆశీరర్థకము. ఫలించలేదు.

ఎందుకంటే చెట్టు కొట్టే అతను వచ్చి, మోడును గొడ్డలి మడమతో తట్టి చూసి, “లోన బొంగైపోయిందండి. మోకేసి ఎక్కితే ఇరిగిపోద్దండి. క్రేను తెప్పించుకోవాలండి, ఆయ్” అనేసి టీ డబ్బులు పుచ్చుకుని పోయాడు. క్రేను ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర సభ్యులెల్లరును రెండుగా చీలారు. పార్కుకు ఎదురుగా ఇళ్ళున్నవాళ్ళు పెట్టుకోవాలని వెనక వరసవాళ్ళు, పార్కు అందరిదీ కాబట్టి అందరూ పెట్టుకోవాలని ముందు వరసవాళ్ళు. కార్యదర్శిగారికీ కోశాధికారిగారికీ మాటల్లేవు. పోయిన సమావేశం కోరం లేక ఆగిపోయింది.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినవారూ విన్నవారూ ఆ క్రేను చందా ఆషాఢం వెళ్ళేదాకా ఇవ్వకుందురు గాక. పాలపిట్ట ఇంకా గుడ్ల మీదే ఉంది.