మూడు చక్రాల బండి

2022 జనవరిలో నేను డాలస్‌లో దిగేసరికి మా మనవరాలికి ఏడు నెలలు. కోవిడ్ వల్ల పురిటికి అందుకోలేకపోయాను. ఆ బాకీ తీర్చుకుందామని వెళ్లిన నాకు, మూడోనాడే మా అమ్మాయి కాఫీ గ్లాసు చేతికిస్తూ ఒక కబురు చెప్పింది.

"ఇంకో నెల ఆగితే పాపని తీసుకుని పరుగుకి వెళ్లొచ్చమ్మా. డాక్టరుగారు సరేనన్నారు."

"చంటిపిల్లని చంకనేసుకుని పరుగేమిటే?"

"చంకనేసుకుని కాదు, బండిలో పెట్టి తోసుకుంటూ."

అది ఇంటర్ చదివే రోజుల నుంచీ పరిగెత్తే పిల్ల. తెల్లారకముందే విజయవాడ మునిసిపల్ స్టేడియానికి పోయి చెమటలు కారుతుంటే ఇంటికొచ్చేది. పెళ్లయినా మానలేదు, ఉద్యోగమొచ్చినా మానలేదు. పురుడయ్యాక మాత్రం మూడు నెలలు నడకతో సరిపెట్టుకుంది. పరుగు దానికి ప్రాణమని నాకు తెలుసు. కానీ పసిదాని మెడ సంగతేమిటి? ముప్పైయేళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. పుట్టినప్పుడు బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. అంత తలని మోసే మెడ ఇంకా ముదరదు. దాన్ని గతుకుల మీద ఊపేస్తావా అని అడిగేశాను.

"అందుకేగా ఆగుతున్నాం. ఆసరా లేకుండా కూర్చోవాలి, తల నిలకడగా నిలపాలి. ఎంత తక్కువన్నా ఆరు నెలలు నిండాలంటారు. ఎనిమిది దాకా ఆగమనే డాక్టర్లు చాలామంది. మా డాక్టరుగారు పాపని కూర్చోబెట్టి చూసి మరీ చెప్పారు."

ఆ జవాబుకి నా భయం పోలేదు గానీ, దాని మాట వినాలనిపించింది.

బండి కొనడానికి మూడు వారాలు పట్టింది. ఇంట్లో అప్పటికే ఒక తోపుడుబండి ఉంది, కారు సీటు తీసి దానిమీద బిగించే రకం. దీనికేమొచ్చిందన్నాను. మా అల్లుడు దాన్ని హాల్లో ఈ చివర నుంచి ఆ చివరికి గబగబా తోసి చూపించాడు. ముందున్న చిన్న చక్రాలు గిలగిల్లాడిపోయాయి. సూపర్‌మార్కెట్ ట్రాలీ చక్రం ఎలా కొట్టుకుంటుందో అచ్చం అలాగే. నడకకి దానితో ఏ ఇబ్బందీ లేదు. పరుగులో ఆ చక్రం చిన్న రాయికి తగిలి అడ్డం తిరిగితే మాత్రం బండి బోల్తా పడుతుంది.

"పరుగుబండికి ముందు ఒకటే చక్రం అత్తయ్యా. పెద్దది. పరిగెత్తేటప్పుడు దాన్ని తిన్నగా లాక్ చేసేయాలి" అన్నాడు. మలుపు తిరగాలంటే హ్యాండిల్‌ని కాస్త కిందికి నొక్కి, ముందుచక్రాన్ని రవ్వంత లేపి తిప్పుకోవాలి. వెనక చక్రాలు రెండూ బాగా ఎడంగా ఉంటాయి, కూర్చునే చోటు నేలకి దగ్గరగా ఉంటుంది. టైర్లలో గాలి, కింద స్ప్రింగులు. గరిమనాభి ఎంత కిందికి ఉంటే, ఆధారం ఎంత వెడల్పుగా ఉంటే వస్తువు అంత నిలకడగా ఉంటుందని తొమ్మిదో తరగతి పిల్లలకి బల్లమీద సీసా నిలబెట్టి చెప్పేదాన్ని. ఆ పాఠం అక్కడ షాపులో వరసగా నిలబడి కనిపించేసరికి ముచ్చటేసింది. దీన్ని మొదట చేసినవాడు ఇంజనీరేమో అనుకున్నాను. కాదట. 1984లో వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా అనే ఊళ్లో ఫిల్ బేక్లర్ అనే పత్రికా ఉద్యోగి, పసికొడుకునీ పరుగునీ రెండిటినీ వదులుకోలేక, తోపుడుబండికి సైకిల్ చక్రాలు బిగించుకున్నాడట. ఆ మనిషి మీద నాకు వెంటనే అభిమానం కలిగింది.

కొత్తది నాలుగైదు వందల డాలర్లు. వాడినది వందకే వస్తుందని ఒకరింటికి వెళ్లాం. బండి తళతళలాడుతోంది. మా అమ్మాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని, చట్రం కింద స్టిక్కర్ మీద మోడల్ నంబరూ తయారీ తేదీ చదివి, కంపెనీలు వెనక్కి పిలిచిన బండ్ల జాబితాలో ఉందేమోనని ఫోన్‌లో వెతికింది. లేదు. తర్వాత ముందుచక్రం దగ్గరి మీట పట్టుకుంది. కారు డిక్కీలో పట్టడానికి వీలుగా కొన్ని బండ్లకి, సైకిల్‌కి మల్లే, మీట తిప్పితే ముందుచక్రం ఊడి చేతికొచ్చే ఏర్పాటు ఉంటుంది. అది సరిగ్గా బిగియకపోతే చక్రం పరుగులోనే ఊడిపోతుంది. ఒక రకం బండ్ల మీద ఇలాంటి ఫిర్యాదులు 200 దాకా వచ్చాయని 2018లో అమెరికా ప్రభుత్వపు వస్తుభద్రతా సంఘం కేసు కూడా పెట్టింది. మేం చూసిన బండికి మీట ఎంత నొక్కినా వదులుగానే ఉండిపోయింది. ఆ ఇల్లాలు మర్యాదస్తురాలు, ధర ఇంకా తగ్గిస్తానంది. మా అమ్మాయి నవ్వి, వద్దని చెప్పి వచ్చేసింది. చివరికి కొత్తదే కొన్నారు.

ఫిబ్రవరి ఆఖర్లో, పాపకి ఎనిమిది నెలలు నిండాక, మొదటి పరుగు. వైట్ రాక్ చెరువు చుట్టూ దాదాపు పదిహేను కిలోమీటర్ల బాట ఉంది. అందులో ఒక్క కిలోమీటరు, అదీ నడకకి కాస్త ఎక్కువ, పరుగుకి కాస్త తక్కువ. నేను స్వెటర్ వేసుకుని వెనకాల వడివడిగా నడిచాను. బండి హ్యాండిల్‌కి ఒక పట్టీ వేలాడుతుంటుంది. అది మణికట్టుకి తగిలించుకునేది. మొదటిరోజు అదెందుకో నాకు అర్థం కాలేదు.

నాలుగోరోజు అర్థమైంది. బాట చెరువు వైపుకి దిగే చోట అమ్మాయికి జుట్టు ముడి ఊడింది. రెండు చేతులూ వెనక్కి పోయాయి. బండి తనంతట తాను రెండడుగులు ముందుకి పోయి, పట్టీ బిగుసుకుని ఆగింది. మా అమ్మాయి వెంటనే హ్యాండిల్ పట్టుకుంది, కాలితో బ్రేకు నొక్కింది, ఆ తర్వాతే జుట్టు ముడుచుకుంది. అంతా కలిపి మూడు క్షణాలు. నాకు మాత్రం ఆ రాత్రి కళ్లు మూస్తే నీళ్లే కనిపించాయి. తెల్లారి లేచి నేనే ముందు ఆ పట్టీ కుట్లు లాగి చూశాను.

ఆ రోజు నుంచీ ఆ బండి నా బాధ్యత అనుకున్నాను. పొద్దున్నే చక్రాల్లో గాలి నొక్కి చూసేదాన్ని, ముందుచక్రాన్ని పట్టుకుని ఊపి చూసేదాన్ని. నా వల్ల జరిగిన పొరపాట్లూ ఉన్నాయి. ఒకనాడు డైపర్ల సంచి, నీళ్ల సీసా, నా హ్యాండ్‌బ్యాగ్ అన్నీ హ్యాండిల్‌కే తగిలించాను. పాప కూర్చున్నంతసేపూ బండి బాగానే నిలబడింది. పాపని ఎత్తుకోగానే వెనక్కి విరుచుకుపడింది. ముందున్న బరువు తీసేస్తే వెనక బరువు లాగేస్తుంది, మరి తులాదండమేగా. పాప నా చేతుల్లో ఉంది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత సామానంతా కింద బుట్టలోకే.

మే నెల ఎండకి పాప మొహం కందుతోందని నా నూలు చున్నీ తీసి బండికి అడ్డంగా కప్పాను. అమ్మాయి పరుగు ఆపి దాన్ని తీసేసింది. "లోపల చెయ్యి పెట్టి చూడమ్మా" అంది. పెట్టాను. పొయ్యి మీద మూత పెట్టిన గిన్నెలా ఉంది. 2014లో స్వీడన్‌లో ఒక దినపత్రిక ఈ సంగతే పరీక్ష పెట్టి చూసిందట. కప్పకుండా ఎండలో ఉంచిన బండి లోపల 22 డిగ్రీలుంటే, పల్చటి గుడ్డ కప్పాక అరగంటకి 34, గంటకి 37. గాలి ఆడదు, పైగా బిడ్డ మొహం మనకి కనపడదు. అప్పటినుంచీ బండికున్న గొడుగే నీడ, పరుగు మాత్రం ఎండ పొడవకముందే.

ఇవన్నీ ఒక ఎత్తు, పట్టీలు కట్టడం ఒక ఎత్తు. రెండు భుజాల మీంచి రెండు, నడుముకి రెండు, కాళ్ల మధ్య నుంచి ఒకటి. అయిదూ వచ్చి పొట్ట దగ్గర ఒకే బకిల్‌లో కలుస్తాయి. పాపకి అది గిట్టేది కాదు. విల్లులా వంగిపోయి ఏడ్చేది. "పోనీ నాలుగడుగులేగా, ఇవాళ్టికి నడుముది ఒక్కటి చాల్లే" అన్నాడు ఒకరోజు మా అల్లుడు. నేను ఒప్పుకోలేదు. "బండి ఆగినా బిడ్డ ఆగదు బాబూ. అదే వేగంతో ముందుకి పోతుంది. జడత్వానికి నాలుగడుగులూ నాలుగు మైళ్లూ ఒకటే" అన్నాను. క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో ఆ మాట, కానీ అంత గట్టిగా ఎప్పుడూ చెప్పలేదు.

ఏడుపు మాన్పించడానికి ఒక ఆట కనిపెట్టాను. "చేతులు పైకి!" అనేదాన్ని. నేను ఎత్తితే అదీ ఎత్తేది. పట్టీలు సర్ది, కుడివైపు నొక్కేదాన్ని. "టిక్కు!" ఎడమవైపు నొక్కేదాన్ని. "టిక్కు!" రెండోది వినగానే చేతులు దించి చప్పట్లు కొట్టేది. వారం తిరిగేసరికి నేను అననక్కర్లేకపోయింది. బండిలో కూర్చోబెడితే చాలు, రెండు చేతులూ వాటంతటవే లేచేవి. ఒకరోజు అమ్మాయి హడావుడిగా కట్టేసి బయల్దేరబోయింది. పాప చేతులు దించలేదు. ఏమిటా అని చూస్తే ఎడమవైపు బకిల్‌లో మురమురా లాంటి గింజ ఒకటి ఇరుక్కుంది, అటు పట్టీ పడనేలేదు. నేను పాపని ముద్దులతో ముంచేశాను. ఆ రాత్రి మావారికి ఫోన్ చేసి అరగంట అదే చెప్పాను.

మావారు విజయవాడలో ఉండి పేపరు మొత్తం నాకు ఫోన్‌లో చదివి వినిపించేవారు. ఆ ఫిబ్రవరిలోనే మన కేంద్రప్రభుత్వం కూడా ఒక నిబంధన తెచ్చింది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్ని బైకు, స్కూటరు మీద తీసుకెళ్తే హెల్మెట్ పెట్టాలి, నడిపేవాళ్లకి కలిపి పట్టీ కట్టాలి, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. ఏడాది గడువిచ్చి 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలు. "ఎంత మంచి పని!" అన్నాను. "నీకు నచ్చుతుందని కత్తిరించి టీపాయ్ అద్దం కింద పెట్టాను" అన్నారాయన. జూన్‌లో ఇంటికొచ్చాక చూశాను. నీటుగా, నాలుగంచులూ సమంగా కత్తిరించారు.

2023 మార్చిలో మా ఆడపడుచు కొడుకు పెళ్లికి అమ్మాయీ, అల్లుడూ, పాపా వచ్చారు. పాపకి అప్పటికి ఇరవై ఒక్క నెలలు, మాటలు ముద్దుముద్దుగా వస్తున్నాయి. సత్యనారాయణపురంలో మా ఇల్లు చుట్టాలతో కిటకిటలాడింది. ముహూర్తం రోజు సాయంత్రం జడలోకి పూలు తక్కువయ్యాయి. అల్లుడు కార్లో పెద్దవాళ్లని కల్యాణమండపానికి దింపడానికి వెళ్లాడు. పూలకొట్టు సందు చివరే.

"ఎంతసేపు, రెండు నిమిషాలు" అంటూ మావారు టీపాయ్ మీది స్కూటరు తాళంచెవి అందుకున్నారు. పట్టుచీర కట్టుకున్న అమ్మాయి పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని వెనక సీటు మీద ఒకవైపుగా కూర్చుంది. తల్లి వెళ్తుంటే పాప ఊరుకుంటుందా? నేనూ వస్తానంది. పట్టులంగా వేసిన దాన్ని నేనే ఎత్తుకెళ్లి, కుచ్చిళ్లు సర్ది, స్కూటరు ముందు భాగంలో, తాతయ్య మోకాళ్ల మధ్య నిలబెట్టాను.

"హ్యాండిల్ పట్టుకో బంగారం" అన్నారు మావారు, స్టార్ట్ చేస్తూ.

పాప పట్టుకోలేదు. తన పొట్ట వైపు వంగి చూసుకుంది. ఇటు చూసింది, అటు చూసింది. తర్వాత రెండు చేతులూ పైకెత్తింది.

"పట్టుకోమ్మా, తాతయ్య వెళ్లాలి" అంది వెనక నుంచి మా అమ్మాయి.

స్కూటరు గుడగుడమంటోంది. పాప చేతులు అలాగే ఉన్నాయి. తల తిప్పి నా మొహంలోకి చూసింది.

"అమ్మమ్మా, టిక్కు?"